ఉసిరి చేసిన మేలు

తల పండినవాళ్ల మాట వినాలంటారు. నా తల పండుతున్న రోజుల్లో నేను వాళ్ల మాట వినకపోగా, అసలు తలే పండకుండా చూసుకునే పనిలో పడ్డాను. నా తెలివితక్కువతనమంతా ఈ ఒక్క ముక్కలో ఉంది. దాని ఫలితం నేనే అనుభవించి ఉంటే ఇలా నలుగురికీ చెప్పుకునేవాణ్ణి కాదు. నా కొడుకు అనుభవిస్తున్నాడు.

బయటి ఊళ్లవాళ్లు కూడా చదువుతారు కాబట్టి ముందొక సంగతి చెప్పాలి. మా గోదావరిఖనిలో ‘అన్‌ఫిట్’ అన్నది తిట్టు కాదు, దీవెన. బొగ్గుబాయిలో పనిచేసే మనిషి జబ్బుపడి, ఇక దిగలేడని మెడికల్ బోర్డు తేలిస్తే, ఉద్యోగం అతని కొడుకుకో కూతురికో వస్తుంది. అదే మనిషి రిటైరయ్యేదాకా గుండ్రాయిలా పనిచేస్తే శాలువా వస్తుంది, పూలదండ వస్తుంది, తోటివాళ్లు ఇంటిదాకా వచ్చి దిగబెడతారు. ఉద్యోగం మాత్రం అక్కడితో ఆగిపోతుంది. అందుకని మా కాలనీలో ఎవరైనా అన్‌ఫిట్ అయ్యాడంటే స్వీటు డబ్బాలు తిరుగుతాయి. “నీ బోర్డెప్పుడన్నా?” అని అడగడం మాకు కుశలప్రశ్న. దేవుడా, మా బాపును చల్లగా చూడు, కానీ మరీ అంత చల్లగా చూడకు అని మొక్కుకునే పిల్లలు మా వీధిలో ఉన్నారు. వాళ్లను తప్పు పట్టకండి. ఆ మొక్కు నేర్పింది మేమే.

నాది బాయిలో పంపు నడిపే పని. బొగ్గు తవ్వినకొద్దీ ఊరే నీళ్లను పైకి తోలాలి. ఒక మూలన పంపు, దాని పక్కన బల్ల, బల్ల మీద నేను. నెత్తి మీది లైటు ఆర్పేస్తే కళ్లు తెరిచినా మూసినా ఒకటే. ఏళ్లకేళ్లు ఆ చెమ్మలో కూర్చున్నందుకు నాకు దక్కినవి దమ్మనే ఆయాసం, షుగరు, మెట్లు చూస్తేనే మూలిగే మోకాళ్లు. గొప్పలు చెప్పుకోకూడదు గానీ, బోర్డుకు పోవడానికి కావలసిన అర్హతలన్నీ నాలో ఉన్నాయని మా ఏరియా దవాఖాన డాక్టరే ఒప్పుకున్నాడు. నా పేరు రాసి పైకి పంపాడు. పిలుపు రావడమే ఆలస్యం.

కొడుకు ఐటీఐ చదివాడు. నేల పైనుంచే తవ్వే ఓపెన్‌కాస్టు గనిలో ఒక కాంట్రాక్టరు దగ్గర మట్టి టిప్పరు నడుపుతాడు. నేను నేల కింద మింగిన దుమ్మునే వాడు నేల మీద మింగుతాడు. నాకైతే దానికి బదులుగా జీతం, క్వార్టరు, దవాఖాన ఉన్నాయి. వాడికి దుమ్మొక్కటే ఉంది. కాంట్రాక్టు ఉంటే టిప్పరెక్కుతాడు, లేకపోతే ఇంట్లో గోడకానుకుని కూర్చుంటాడు. తండ్రి ఉద్యోగం తీసుకోవడానికి వయసు హద్దు ఒకటుంది. ఆ హద్దుకు వాడు ఒక్క వానాకాలం ఇవతల ఉన్నాడు. బోర్డు పిలుపు అంతకంటే ముందు రావాలి, నేను పనికిరానివాణ్ణని తేలాలి. ఇల్లంతా ఆ రెండింటి మీదే ఆశ పెట్టుకుని బతుకుతోంది. పనికిరానివాణ్ణని మా ఆవిడ పెళ్లైన కొత్తలోనే తేల్చింది గానీ, కంపెనీ దగ్గర ఆమె సంతకం చెల్లదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా బామ్మర్ది వచ్చాడు. ఉండేది మంథనిలో. అంతకుముందు ప్లాట్లు అమ్మాడు, నీళ్ల ఫిల్టర్లు అమ్మాడు, నడుము నొప్పికి అయస్కాంతం పరుపులు అమ్మాడు. ఈసారి సంచి విప్పితే సీసాలు బయటపడ్డాయి. ఉసిరి రసం, ఉసిరి నూనె, ఉసిరి క్రీము.

“బావా, గిది మామూలు ఉసిరి కాదు, అడవి ఉసిరి. పొద్దుగాల పరగడుపున మూతెడు రసం తాగు. నెత్తికి నూనె రాయి, ముఖానికి క్రీము వెట్టు. కొన్ని నెలలాగి జూడు, నువ్వు, మా మేనల్లుడు అన్నదమ్ముల లెక్క కనవడ్తరు.”

“మర్చిపోయి నూనె తాగి, రసం నెత్తికి రాసుకుంటెనో?”

“గట్ల గూడ పనిజేస్తది బావా. గది ఉసిరి!” అన్నాడు. అమ్మకం తెలిసినవాడు. “గని ఒక్క షరతు. బీడీ బంద్. మందు బంద్. పొద్దుగాలనే లేచి మంచిగ నడువాలె.”

మా అవ్వ ఉన్నప్పుడు ఉసిరికి ఇన్ని సీసాలు లేవు. కమాన్‌పూర్ వైపు మా ఊళ్లో, చేను గట్టున ఒక చెట్టుండేది. కార్తీకంలో దాని మొదట్లో దీపం పెట్టేది. మేం కొమ్మ పట్టి వంచబోతే “ఐతారం తినద్దురా, పొద్దుగూకినంక ముట్టద్దురా” అని చెట్టుకు కాపలా కాసేది. ఆ చేనూ గట్టూ చెట్టూ ఇప్పుడు ఓపెన్‌కాస్టు మట్టిగుట్ట కింద ఉన్నాయి. ఎక్కడో కాసిన ఉసిరి సీసాలో దిగి, పచ్చటి ఆకు బొమ్మ అతికించుకుని మా గడప ముందు నిలబడితే, పాత చుట్టం కదా అని లోపలికి రానిచ్చాను.

చుట్టరికం ఒక వంక. అసలు సంగతి అద్దం. చింత చచ్చినా పులుపు చావదంటారు. నా చింతలేవీ చావలేదు, పులుపు మాత్రం కొత్తగా పుట్టుకొచ్చింది. పొద్దున్నే మూతెడు రసం తాగి, గోదావరి ఒడ్డు దాకా నడిచి, వచ్చి నూనె రాసుకుని, అద్దం ముందు మెడ అటూ ఇటూ తిప్పుకునేవాణ్ణి. కాయతో కాయకల్పం జరుగుతోందని మురిసిపోయేవాణ్ణి. బాయి మీద లైట్లిచ్చే తమ్ముడు ఒకరోజు నా లైటు చేతిలోనే పట్టుకుని ఇవ్వకుండా చూస్తూ నిలబడ్డాడు.

“ఏందన్నా, మల్ల పెండ్లి సంబంధం జూస్తున్నవా ఏంది?”

ఆ మాట మోసుకుని బాయి దిగాను. ఆ షిఫ్టంతా నీళ్లు వాటంతట అవే పైకి పోయినట్టనిపించింది.

మా ఆవిడ మాత్రం నవ్వలేదు.

“ఏమయ్య, బోర్డు ముందట గీ సోకులేంది?”

“డాక్టర్లు జూసేది ఊపిరితిత్తులే, ఎంట్రుకలు గాదు.”

“ఊపిరి గూడ మంచిగనే అయితున్నది గద. దగ్గుతలేవు.”

ఆమె భయపడి అన్న మాటను నేను మెచ్చుకోలనుకున్నాను.

ఎదురు క్వార్టర్లో ఒక కాక ఉంటాడు. అన్‌ఫిట్ అయి కొడుకును పనిలో పెట్టినవాడు. బోర్డు సంగతుల్లో కాలనీకంతా పెద్ద దిక్కు. ఒక సాయంత్రం నన్ను ఆపి, చుట్టూ తిరిగి చూశాడు.

“ఏంరా, బోర్డుకు పోయెటోడు గడ్డం పెంచుతడు. నువ్వేంది, మీసానికి నూనె వెడ్తున్నవ్?”

“నా రోగాలు నాతోనే ఉన్నయ్ కాకా. యాడికి పోతయ్?”

“రోగం గూడ సుట్టమే బిడ్డా. సరిగ అర్సుకోకపోతే అలిగి ఎల్లిపోతది.”

నేను నవ్వాను. ముసలాయన మంచి మాటకారి అని మా ఆవిడకు చెప్పాను కూడా.

పిలుపు వచ్చింది. బోర్డు కూర్చునేది వేరే ఊళ్లో, పెద్ద దవాఖానలో. కొడుకు రాత్రి షిఫ్టు దిగి, దుమ్ము బట్టలు మార్చుకుని, నిద్రలేకుండానే నాతో రైలెక్కాడు. అక్కడి వరండాలో మా బాయిలవాళ్లే, బెంచీల నిండా. మాసిన గడ్డాలు, ఉన్ని టోపీలు, మెడ చుట్టూ తువ్వాళ్లు, భార్య భుజం మీద చెయ్యి వేసి నిలబడ్డవాళ్లు. మధ్యలో ఇస్త్రీ చొక్కా, నున్నటి చెంపలతో నేను, పెళ్లికని బయల్దేరి దారి తప్పినవాడిలా. ముస్తాబు చేసుకోవద్దని తెలియక కాదు. ఆ పొద్దున చెయ్యి అలవాటుగా నూనె సీసా దగ్గరికి పోయింది.

కొడుకు నా పక్కన కూర్చుని దగ్గుతున్నాడు. కళ్లు ఎర్రగా, పెదాలు ఎండిపోయి, చెవుల వెనక ఇంకా బూడిదరంగు దుమ్ము. అటుపక్కన కూర్చున్న పెద్దాయన మమ్మల్నిద్దర్నీ కాసేపు చూసి, నా వైపు వంగి మెల్లగా అన్నాడు.

“తమ్మీ, మీ అన్నను జెర గోడకు ఒరగవెట్టరాదు? కూసోలేకపోతున్నడు, పాపం.”

నా కొడుకు నవ్వాడు. నేనూ నవ్వాను. నవ్వు సగంలో ఉండగానే నాకు సంగతి అర్థమైంది. బామ్మర్ది మాట నిలబెట్టుకున్నాడు. అన్నదమ్ముల్లాగే ఉన్నాం. కాకపోతే అన్న వాడు, తమ్ముణ్ణి నేను.

లోపల రక్తం తీశారు, ఎక్స్‌రే తీశారు, గొట్టంలోకి ఊదమన్నారు, నడిపించారు. చివరికి నలుగురు డాక్టర్ల ముందు నిలబెట్టారు.

“ఈ పాత రిపోర్టు మీదేనా?”

“నాదే సార్.”

“ఇప్పుడు షుగర్ బాగా అదుపులో ఉంది. ఊపిరి కూడా బాగా ఊదారు. ఏం వాడుతున్నారు?”

పరీక్షలన్నీ అప్పటికే అయిపోయాయి. నేను నోరు మూసుకున్నా తెరిచినా రాసేది అదే. అయినా ఆ గదిలో నేను నోరు తెరిచిన తీరు తలచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. కొడుకు ఉద్యోగం కోసం లోపలికి పోయినవాణ్ణి, కాసేపటికి ఉసిరి ఏజెంటునై నిలబడ్డాను. రసం ఎప్పుడు తాగాలి, ఎంత తాగాలి, తాగాక ఎంతసేపు ఏమీ తినకూడదు, అంతా విప్పి చెప్పాను. ఒక డాక్టరు తన బట్టతల తడుముకుని “జుట్టుకు కూడానా?” అని అడిగాడు.

“జుట్టుకు గూడ సార్” అన్నాను. ఛాతీ విరుచుకుని అన్నాను.

వాళ్లను నేనేమీ అనను. ఉన్నది ఉన్నట్టు రాశారు. ఫిట్. అదే బాయి, అదే పని. ఆ బాగుపడటం ఉసిరి చలవో, బీడీ మానిన చలవో, పొద్దున్నే నడిచిన చలవో నాకు తెలియదు. మూడూ ఒక్కడే చెప్పాడు కాబట్టి పుణ్యమంతా అతనికే జమ వేశాను.

బయటికి వచ్చి చెబితే కొడుకు నా చేతిలోని సంచి తీసుకున్నాడు.

“పానం మంచిగున్నదన్నరు గద బాపూ. మంచిదే గద.”

తిట్టినా బాగుండేది. కాజీపేట దాటాక నా భుజం మీద తల వాల్చి నిద్రపోయాడు. వాడి నెత్తిలో తెల్లవెంట్రుకలు కనిపించాయి. కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.

నేను ఆరోగ్యంగా ఉన్నానని తెలిసి కాలనీ అంతా పరామర్శకు వచ్చింది. ఆడవాళ్లు మా ఆవిడ చుట్టూ చేరి గొంతు తగ్గించి మాట్లాడారు. మగవాళ్లు వాకిట్లో కుర్చీలు వేసుకున్నారు.

“బాధపడకన్నా. అందరికి అన్నీ కలిసొస్తయా?”

“ఏం జేస్తం. పానం మన చేతులున్నదా?”

“నిన్నగాక మొన్నటిదాక మంచిగ దగ్గె గద, పాపం” అంది ఒకామె, పోయినవాళ్లను తలచుకున్నట్టు.

ఎదురింటి కాక మాత్రం చెప్పాను కదరా అనలేదు. టీ తాగి, నా మోకాలు ఒకసారి నొక్కి వెళ్లిపోయాడు.

ఆ తర్వాత రసం ముట్టలేదు. బీడీ మళ్లీ మొదలుపెట్టబోయాను, గొంతు రానివ్వలేదు. ఒకసారి మందు తాగితే కక్కుకున్నాను. ఆరోగ్యం కూడా ఒక వ్యసనమేనని, పట్టుకుంటే వదలదని అప్పుడు తెలిసింది. ఉసురు తగులుతుందని జనం భయపడతారు. మాకు ఉసిరి తగిలింది. మిగిలిన సీసాను పారబోయడానికి మా ఆవిడకు మనసొప్పలేదు. ముట్టడానికీ ఒప్పలేదు. బాత్రూం గోడ మీద పెట్టింది. ఎండకు రంగు మారుతూ అక్కడే ఉంది.

వానలు మొదలయ్యాయి. వానాకాలం బాయిలో నీళ్లు ఎక్కువ, పంపుకు పని ఎక్కువ. కొడుకు పుట్టినరోజు నా మొదటి షిఫ్టు వారంలో పడింది. ఆ రోజుతో వాడు హద్దు దాటాడు. పొద్దున్నే నేను బయల్దేరేటప్పుడు వాడు ఇంకా డ్యూటీ నుంచి రాలేదు. బాయిలో బల్ల మీద కూర్చుని, పంపు మోత వింటూ, కాయకష్టం చేసి బతికినవాడికి చివరికి కాయే కష్టం తెచ్చిందని నాకు నేనే చెప్పుకుని నవ్వబోయాను. నవ్వు రాలేదు. దగ్గు వస్తుందేమోనని చూశాను. అదీ రాలేదు. లైటు ఆర్పి చాలాసేపు దగ్గు కోసం కూర్చున్నాను.

ఇంటికి వచ్చేసరికి మా ఆవిడ సేమ్యా పాయసం చేసింది. ముగ్గురం తిన్నాం. ఎవరూ ఏ రోజో పైకి అనలేదు. గిన్నె కడుక్కుని వస్తూ కొడుకు అన్నాడు.

“కాంట్రాక్టరు అడిగిండు బాపూ, ఇంకో ఏడాది ఉంటవా అని. ఉంటనన్న.”

“ఉండు బిడ్డా” అంది మా ఆవిడ.

అంత జరిగాక బామ్మర్ది మళ్లీ వచ్చాడు. అతను దుర్మార్గుడేమీ కాదు. మేనల్లుడి సంగతి విని నిజంగానే బాధపడ్డాడు, టీ చల్లారేదాకా. తర్వాత కుర్చీ నా దగ్గరికి జరుపుకున్నాడు.

“అయిందేదో అయింది బావా. గని నువ్వే ఆలోచించు. నలుగురు పెద్ద డాక్టర్లు జూసి, ఫిట్ అని రాసిచ్చిండ్రు. గిసొంటి గ్యారంటీ ఎవనికి దొర్కుతది? ఎల్లుండి ఖనిల మా మీటింగున్నది. స్టేజెక్కి రెండు ముక్కలు జెప్పు. పిలగాని సంగతి వద్దు. బోర్డు, డాక్టర్లు, ఫిట్. గంతే.”

“పోడు” అంది లోపల్నుంచి మా ఆవిడ.

“పోత” అన్నాను నేను.

మంథనిలో ఫిట్ అంటే ఫిట్టే. మా ఖనిలో ఆ మాట ఏ చెవికి ఎలా వినబడుతుందో, అక్కను ఇక్కడ ఇచ్చి ఇన్నేళ్లయినా అతనికి పట్టలేదు. మంచిదే అనుకున్నాను.

ఫంక్షన్ హాలు నిండింది. మొదటి షిఫ్టు దిగి, తానాలు చేసి, భార్యలను వెంటబెట్టుకుని వచ్చిన బాయి మనుషులు. నా ఈడువాళ్లే ఎక్కువ. కొందరి దమ్ము నాకు స్టేజి మీదికే వినబడుతోంది. వెనక పెద్ద బ్యానరు మీద నావి రెండు ఫొటోలు. ఒకదాంట్లో తెల్ల తలతో, బుగ్గలు పీక్కుపోయి నేను. రెండోదాంట్లో బామ్మర్ది చెప్పిన నేను. ముందు వరుసల్లో ట్రేలు తిరుగుతున్నాయి, చిన్న చిన్న కప్పుల్లో రసం. మైకు నా చేతికిచ్చి బామ్మర్ది పక్కన నిలబడ్డాడు, టై సవరించుకుంటూ.

“అన్నలారా, అక్కలారా. మా బామ్మర్ది ఒక్క అబద్ధం జెప్పలే. గీ ఉసిరి రసం అమృతమే. నాకు దమ్ముండె, తగ్గింది. షుగరుండె, దిగింది. నెత్తి మీరే జూస్తున్నరు. నేను జెప్తే మీరు నమ్మరు. మొన్న మెడికల్ బోర్డుకు పోయిన.”

హాల్లో గుసగుసలు ఆగిపోయాయి.

“నలుగురు డాక్టర్లు ఇటు తిప్పిండ్రు, అటు తిప్పిండ్రు. రక్తం జూసిండ్రు, ఊపిరి జూసిండ్రు. ఏం తాగినవయ్యా అని అడిగిండ్రు. గీ రసమే తాగిన సార్ అన్న. ఫిట్ అని రాసిండ్రు. రిటైరయ్యేదాక బాయి దిగచ్చన్నరు.”

బామ్మర్ది చప్పట్లు కొట్టాడు. అతనొక్కడే కొట్టాడు.

ముందు వరుసలోంచి ఒకాయన లేచాడు. “అన్నా, మరి పిలగాడు?”

నాకు పిలగాడి సంగతి వద్దని చెప్పారు కదా. నేను బామ్మర్ది వైపు చూశాను. హాలంతా బామ్మర్ది వైపు చూసింది.

“నేను రెండు సీసలు తాగిన! నాది వచ్చే నెల బోర్డు!” అని వెనక నుంచి ఒక గొంతు. “ఇప్పుడు బంద్ జేస్తే మల్ల ఎన్కటి లెక్క అయితనా?”

“నెత్తికి రాసుకుంటె గూడ లోపలికి దిగుతదా అన్నా?” అని ఇంకొకాయన, తల తువ్వాలుతో గట్టిగా తుడుచుకుంటూ.

ఒకామె పక్కనున్న మొగుడి చేతిలోని కప్పు లాక్కుంది. “ఇటియ్యి! బంగారమసొంటి దమ్ము వెట్టుకొని, పోరగాని నోట్ల మన్ను గొడ్తవా?”

కుర్చీలు కదిలాయి. కప్పులు కుర్చీల కింద, కిటికీ గట్ల మీద, మెట్ల మీద, ఎక్కడివక్కడ దిగిపోయాయి. ఎవరూ గొడవ పడలేదు, ఎవరూ తిట్టలేదు. చెప్పులు వేసుకుని, బిరబిరా వెళ్లిపోయారు. కొందరు పోతూ పోతూ నా భుజం నొక్కారు.

హాలు ఖాళీ అయ్యాక బామ్మర్ది టై వదులు చేసుకుని కుర్చీలో కూలబడ్డాడు.

“బావా, నా కడుపు మీద గొట్టినవ్ గద.”

“బోర్డు, డాక్టర్లు, ఫిట్. నువ్వు జెప్పిందే జెప్పిన. ఒక్క ముక్క ఎక్కువ జెప్పిన్నా?”

ఆ వేళకు నా కొడుకు మట్టిగుట్ట మీద టిప్పరు వెనక్కి తీస్తూ ఉంటాడు. నాకు పొద్దున్నే డ్యూటీ ఉంది. ట్రేలో నిండుగా మిగిలిపోయిన కప్పుల్లోంచి ఒకటి తీసుకుని, బామ్మర్ది ఎదురుగా కూర్చుని, మెల్లగా తాగాను. నాకింక భయమేముంది. నోరంతా వగరు. ఉసిరి తిన్నాక నీళ్లు తాగితే తియ్యగా ఉంటాయి. ఆ నీళ్లు అతన్నే పోయి తెమ్మన్నాను.